జాకెట్ సైజే బ్రా సైజు అని ఎవరు చెప్పారు?

"ఆడవాళ్లు తప్పక చదవండి" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి ఈ మధ్య కడపలో అందరి ఫోన్లలో తిరుగుతోంది. జాకెట్ సైజే బ్రా సైజు అట. కప్పు అందరికీ బి సరిపోతుందట. బిగుతుగా వేసుకుంటే రొమ్ములు జారిపోవట. రొమ్ము కింద కొలతకు నాలుగు కలిపి కొనుక్కోవాలట. నల్ల బ్రా, తీగ ఉన్న బ్రా వేసుకుంటే క్యాన్సర్ అట. ఏడురోడ్ల దగ్గర పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పొద్దున లేస్తే టేపు నా మెడలోనే ఉంటుంది. ఈ మెసేజ్ నమ్మి తప్పు సైజు కొనుక్కుని బాధపడేవాళ్లను చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు జాకెట్ సంగతి. నేను 36 అని రాసుకున్నానంటే, ఛాతీ ఎత్తుగా ఉన్నచోట చుట్టూ టేపు పెడితే 36 ఇంచులు వచ్చిందని అర్థం. బ్రా సైజులో అంకె అక్కడిది కాదు. రొమ్ము కింద, పక్కటెముకల మీద చుట్టుకొలతను బట్టి వస్తుంది. ఎత్తు దగ్గర కొలతకూ కింద కొలతకూ ఉన్న తేడాను బట్టి ఎ, బి, సి అనే కప్పు అక్షరం వస్తుంది.

నా దగ్గరకు వచ్చే అక్కాచెల్లెళ్లు ఇద్దరున్నారు. ఇద్దరి జాకెట్లూ 36. అక్కకు కింద కొలత 31, చెల్లెలికి 29. అక్కకు తేడా 5 ఇంచులు, చెల్లెలికి 7. మన దగ్గర చాలా బ్రా పెట్టెల మీద ఉండే చార్టు ప్రకారం అక్కకు 36ఎ, చెల్లెలికి 34సి పడుతుంది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకటే 36బి కొనుక్కుంటున్నారు. అక్కకు కప్పు ముందర ముడతలు, చెల్లెలికి వీపు మీద పట్టీ మెడ వైపు ఎక్కిపోవడం.

నాలుగు కలపడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ లెక్క పాతది. చాలా కంపెనీల చార్టులో ఆ కలపడం ముందే అయిపోయి ఉంటుంది. 29 వచ్చిన చెల్లెలు చార్టులో 29 ఉన్న గడి చూస్తే ఎదురుగా 34 ఉంటుంది. తానే నాలుగు కలిపి 33 అని వెతికితే 38 దగ్గర తేలుతుంది. కలిపిన దానికే మళ్లీ కలిపినట్టు. కంపెనీ మారితే చార్టు మారుతుంది కాబట్టి కొలిచిన అంకెనే పెట్టుకుని, ఆ పెట్టె మీది చార్టులోనే చూడండి.

కప్పు బి అందరికీ అన్నది ఒక్క మాటతో పోతుంది. అక్షరం ఒక్కటే చూస్తే సైజు తెలియదు. 32సి, 34బి, 36ఎ మూడింటి కప్పులోనూ పట్టేది దాదాపు ఒకటే. పట్టీ మాత్రమే వేరు.

ఇక బిగుతు. మొన్న వేసవిలో ఒక టీచరమ్మ వచ్చింది. "అక్కా, భుజాలు లాగుతాండాయి, జాకెట్ భుజం వెడల్పు చేయ్" అంది. కర్టెన్ వెనక్కి పోయి చూస్తే తప్పు జాకెట్‌ది కాదు. రెండు భుజాల మీదా వేలు పట్టేంత గాడి, అంచుల్లో నల్లగా కమిలిన చర్మం. ఎండాకాలం చెమటకు కింద అంతా దద్దురు. ఆమె స్ట్రాపులు వీలైనంత పైకి లాగి బిగించింది. వీపు మీద పట్టీ మాత్రం అరచేయి పట్టేంత వదులు. బరువు మోయాల్సింది ఆ పట్టీ. అది వదులైతే వెనక పైకెక్కుతుంది, ముందర కిందికి దిగుతుంది, మనం స్ట్రాపులు ఇంకా బిగిస్తాం. భుజాలు కోసుకుపోయేది అందుకే.

కొత్త బ్రా చివరి హుక్కుకు, అంటే అన్నిటికన్నా వదులు హుక్కుకు సరిపోవాలి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలి హుక్కులకు వస్తాం. వీపు మీద పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, పిడికిలి పట్టకూడదు. పట్టీ ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండాలి. చంక దగ్గర కండ బయటికి పొంగితే కప్పు చిన్నది. తీగ పక్కటెముక మీద కూర్చోవాలి, రొమ్ము మీద గుచ్చుకోకూడదు.

బ్రా వేసుకున్నంతసేపే పట్టి ఉంచుతుంది. ఎంత బిగించినా జారడాన్ని ఆపదు. వయసు, కాన్పులు, బరువు పెరగడం తగ్గడం వల్ల చర్మం, లోపలి కట్లు సాగుతాయి. పాలిస్తే జారిపోతాయని భయపడే కోడళ్లకు ఒక మాట. అమెరికాలో కెంటకీ యూనివర్సిటీ సర్జన్లు తల్లులను పరిశీలిస్తే, పాలివ్వడం వల్ల తేడా కనిపించలేదు. వయసు, కాన్పుల సంఖ్య, పొగతాగడం లాంటివే లెక్కకు వచ్చాయి. బిడ్డకు పాలు మానొద్దు తల్లీ.

క్యాన్సర్ మాట రాసినవాళ్ల మీద నాకు నిజంగా కోపం. 2014లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు 55 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లను అడిగి చూశారు. అందులో రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు వెయ్యికి పైగా ఉన్నారు. కప్పు సైజు, తీగ, రోజుకు ఎన్ని గంటలు, ఏ వయసు నుంచి, దేనికీ సంబంధం తేలలేదు. ఇక రంగు మాటకు అసలు ఆధారమే లేదు. నల్ల బ్రా పారేసి నిశ్చింతగా కూర్చుంటే, చేతికి తగిలే గడ్డను పట్టించుకోరు. నొప్పి లేని గడ్డ, చర్మం లోపలికి లాగినట్టుండటం, చనుమొన నుంచి రక్తం కారడం, వీటిలో ఏది కనిపించినా అదే వారం డాక్టర్ దగ్గరికి పోండి.

టీచరమ్మకు కొలిచి, సైజు కాగితం మీద రాసిచ్చాను. షాపులో మగపిల్లలుంటారని సిగ్గుపడుతుంటే, కాగితం చూపించు చాలు, మార్చి ఇస్తారా అని మాత్రం కొనకముందే అడుగు అన్నాను. పది రోజులకు కొత్త బ్రాతో వచ్చింది. పాత కొలతకు నేను కుట్టిన జాకెట్ వేసి చూస్తే డాట్ పాయింట్, అంటే ఛాతీ ఎత్తు దగ్గరకు రావాల్సిన కుట్టు కొన, ఇంచు కిందికి పడింది. ఆ జాకెట్ విప్పి, మళ్లీ కుట్టిచ్చాను.