“రెండు తగిలిస్తే దారికొస్తారు” అనే మెసేజ్‌కి నా జవాబు

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ నెలలో మూడోసారి వచ్చిందా మెసేజ్. “ఎదురు మాట్లాడే పిల్లలంతా గారాబంతో చెడినవాళ్లే. మొక్కై వంగనిది మానై వంగునా? రెండేళ్లప్పుడే రెండు తగిలిస్తే దారికొస్తారు. చిరాకంటారా, వయసొస్తే అదే పోతుంది.” కింద అందరూ దండాలు పెట్టారు. ఒకావిడ మాత్రం “మావాడు కొట్టినా మారలేదండీ” అని రాసి, కాసేపటికే తీసేసింది. ఆవిడ కోసమే ఇది రాస్తున్నాను.

రెండేళ్ల పిల్లలు ‘వద్దు’ అనడం, నేలమీద పడి దొర్లడం, చేయెత్తడం చెడిపోయిన లక్షణాలు కావు. కోరిక బలంగా ఉంటుంది, చెప్పడానికి మాటలు చాలవు, ఆపుకునే శక్తి ఇంకా రాదు. మాటలు వచ్చేకొద్దీ, బడికి వెళ్లే వయసుకల్లా చాలామందిలో ఇది తగ్గుతుంది.

గారాబం మాటలో కొంత నిజముంది, అందుకే అది అంతగా తిరుగుతోంది. మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా పాపకి ఆరేళ్లు. పొద్దున “టీవీ కట్టెయ్” అంటాను. వినదు. గొంతు పెంచుతాను. అది ఇంకా గట్టిగా అరిచి సాక్సు విసిరేస్తుంది. టైమవుతోందన్న టెన్షన్‌లో “సరే, బస్సొచ్చేదాకా చూసుకో, సాక్సు నేనే తొడుగుతా” అంటాను. అరుపు ఆగుతుంది. అరిస్తే అమ్మ దిగొస్తుందని అది నేర్చుకుంది, ఇచ్చేస్తే గోల ఆగుతుందని నేను నేర్చుకున్నాను. ఇంకోరోజు ఒక్కటి వేశాను, ఠక్కున ఊరుకుంది. మర్నాడు నా చెయ్యి ఇంకా తొందరగా లేచింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెరాల్డ్ పాటర్సన్ ఎన్నో కుటుంబాలను గమనించి వివరించింది ఈ వరసనే. అలాగని తప్పంతా పెంపకం మీద వేయడం అన్యాయం. కొందరు పిల్లలు పుట్టుకతోనే తొందరగా రేగిపోతారు. అలాంటి బిడ్డతో ఎంత ఓపికున్న తల్లయినా అలిసిపోతుంది.

ఇక దెబ్బలు. సుమారు 1,60,000 మంది పిల్లల వివరాలతో 2016లో వచ్చిన సమీక్షలో, దెబ్బలు తిన్న పిల్లల్లో మొండితనం, దూకుడు తగ్గకపోగా ఎక్కువగానే కనిపించాయి. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టమే నిషేధించింది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ మెసేజ్‌లోని చివరి వాక్యం, చిరాకు వయసొస్తే అదే పోతుందన్నది. మొండితనం వేరు, చిరాకు వేరు. రెండూ తరచుగా ఒకే బిడ్డలో కనిపిస్తాయి గానీ ముందుకు వెళ్లేకొద్దీ దారులు వేరవుతాయి. మాట వినకపోవడం, వాదించడం ఎక్కువగా ఉన్న పిల్లల్లో తర్వాత నిలకడ లేకపోవడం, నియమాలు మీరడం లాంటి ఇబ్బందులు రావచ్చు. ఎప్పుడూ రుసరుసలాడే పిల్లలకు పెద్దయ్యాక డిప్రెషన్, ఆందోళన వచ్చే అవకాశం ఎక్కువ. “కోపిష్టి” అని మనం పేరు పెట్టిన పదకొండేళ్ల పిల్లాడు లోపల దిగులుతో ఉండి ఉండొచ్చు. వాడిని కొడితే ఆ దిగులు ఎవరికి చెప్పుకుంటాడు?

మొండితనం గానీ చిరాకు గానీ తోటి పిల్లలకన్నా బాగా ఎక్కువగా, ఆరు నెలలకు పైగా, ఇంట్లోనో బడిలోనో ఇబ్బందయ్యేంతగా సాగుతుంటే ఆగకండి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. చిన్నపిల్లల విషయంలో ముందుగా చేసేది తల్లిదండ్రులకు మెళకువలు నేర్పడమే: ఒకసారికి ఒక్క మాటే చెప్పడం, విన్న వెంటనే మెచ్చుకోవడం, అరుపుకి లొంగకపోవడం.

మెసేజ్ తీసేసిన అక్కా, మీ బాబు ఏ వేళ, దేనికి రేగుతున్నాడో ఒక వారం రాసి పెట్టండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం బాగా పనికొస్తుంది. కావాలంటే నేనూ తోడొస్తాను.