భూమి తిరిగింది గాని లెక్క కుదరలేదు

1978 డిసెంబరులో విడుదలైన ‘సూపర్‌మ్యాన్’ చిత్రం మీద ఇన్నేళ్ల తరువాత అభియోగ పత్రం దాఖలు చేయడం కోడిగుడ్డుకు ఈకలు పీకడమేనని ఆ చిత్రాన్ని ప్రేమించేవారు అంటారని నాకు తెలుసు. అయితే పీకినకొద్దీ ఈకలు నిజంగానే చేతికి వస్తున్నప్పుడు తప్పు పీకేవాడిదా, గుడ్డుదా అన్నది ఆలోచించవలసిన విషయం. ఈ పనికి నాకున్న అర్హత ఒక్కటే: ఆ చిత్రాన్ని లెక్కపెట్టడం మానేసినన్ని సార్లు చూశాను. మనిషి ఎగరగలడంటే మీరు నమ్మి తీరతారని దాని పోస్టరు మీద అచ్చువేశారు, నమ్మాను. నీలి దుస్తులు, ఎర్రటి వల్లెవాటు వేసుకున్న మనిషి ఏ ఆధారమూ లేకుండా ఆకాశంలోకి లేవడం పట్ల నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. నా అభ్యంతరాలన్నీ అతడు దారిలో చేసిన పనుల గురించి, మరీ ముఖ్యంగా అతడి కాలజ్ఞానం గురించి.

కథకు ఆదిలోనే హంసపాదు పడింది. క్రిప్టాన్ గ్రహం పేలిపోబోతున్నదని ముందే పసిగట్టిన జోర్-ఎల్, పసివాడైన కొడుకును అంతరిక్ష నౌకలో పెట్టి భూమికి పంపుతాడు. ఆ కొడుకుకు పద్దెనిమిదేళ్లు వచ్చాక, మంచు కోటలో తండ్రి రూపం ప్రత్యక్షమై, నువ్వు ఇది వినే వేళకు భూమి లెక్కలో నేను చనిపోయి వేల సంవత్సరాలు గడిచి ఉంటాయని చెబుతుంది. జోర్-ఎల్ పాత్ర వేసిన మార్లన్ బ్రాండో గొంతులో ఆ మాట వింటే ఎంతటివాడికైనా గుండె బరువెక్కుతుంది. తీరా కథ సగానికి వచ్చేసరికి, క్రిప్టాన్ పేలింది 1948లో అనీ, బిడ్డ భూమికి చేరడానికి పట్టింది మూడేళ్లే అనీ తేలుతుంది. అమిత వేగంతో ప్రయాణించేవాడికి కాలం నెమ్మదిస్తుందని, నౌకలోని మూడేళ్లు భూమి మీద వేల ఏళ్లు కావచ్చునని సమర్థకులు ఐన్‌స్టైన్‌ను వెంటబెట్టుకుని వస్తారు. సంతోషం; అప్పుడు ఆ పేలుడు భూమి లెక్కలోనే వేల ఏళ్ల కిందటిది అవుతుంది, 1948 అన్నది అబద్ధం అవుతుంది. పెద్దాయన పోయిన తేదీ విషయంలో ఏ కుటుంబంలోనైనా ఒకటి రెండు రోజుల తేడా రావచ్చు గాని, ఇంత తేడా వచ్చిన కుటుంబం విశ్వంలో ఇదొక్కటే.

ఆ తేదీని బయటపెట్టింది ఎవరో కాదు, సూపర్‌మ్యానే. విలేకరి లోయిస్ లేన్ ఇంటి మేడ మీద, రాత్రివేళ, తన ఎత్తు ఎంతో, బరువు ఎంతో, తన చూపు దేని గుండా దూసుకుపోదో ఒక్కొక్కటే పూసగుచ్చినట్టు చెప్పాడు. సీసం గుండా చూడలేనన్నాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత క్రిప్టాన్ భాషలో లేదనుకోవాలి. ఆ ఇంటర్వ్యూ పత్రికలో రాగానే దుర్మార్గుడైన లెక్స్ లూథర్ దాన్ని పరీక్షకు చదివినట్టు చదివాడు. పేలిన గ్రహపు ముక్క ఒకటి ఉల్కగా అడిస్ అబాబాలో పడిందని తేల్చి, సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే ఆ రాయిని సంపాదించి, సీసం పెట్టెలోనే దాచాడు. సూపర్‌మ్యాన్ తన చేతులతో తనే ఆ మూత తెరిచాడు. పైగా తాను ఎన్నడూ అబద్ధం ఆడనని లోయిస్‌తో అన్న మనిషి పగలంతా క్లార్క్ కెంట్ అన్న పేరుతో, అక్కరలేని కళ్లద్దాలు పెట్టుకుని, ఆమె పక్క బల్ల దగ్గరే ఉద్యోగం చేస్తున్నాడు.

కళ్లద్దాల విషయం అందరూ నవ్వి వదిలేసేదే అయినా నేను వదలలేను. లోయిస్ సామాన్యురాలు కాదు. ఒక మహానగరంలోని ప్రముఖ దినపత్రికలో నిజాలు వెలికితీయడం ఆమె వృత్తి. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటాము. ఇక్కడ ఆమే ఆ మనిషి చేతుల్లో ఉండి, మేఘాల దాకా వెళ్లి, ముఖం ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని చూసి, కిందికి దిగాక అతడెవరా అని ఆలోచిస్తుంది. ఆమెను దింపి వెళ్లిన కాసేపటికే క్లార్క్ వచ్చి తలుపు తడతాడు. ఆమె పక్క గదిలోకి వెళ్లగానే అతడు కళ్లద్దాలు తీస్తాడు. వంగిన భుజాలు నిటారుగా లేస్తాయి, ఛాతీ విచ్చుకుంటుంది, గొంతు ఒక మెట్టు దిగి గంభీరమవుతుంది. చూస్తుండగానే మనిషి నాలుగంగుళాలు పెరిగినట్టవుతుంది. నిజం చెప్పేద్దామని నోరు తెరుస్తాడు. అంతలో ధైర్యం చాలక, కళ్లద్దాలు మళ్లీ ముక్కు మీదికి వెళ్తాయి, భుజాలు జారిపోతాయి, ఆ నాలుగంగుళాలూ ఎక్కడికి పోయాయో తెలియదు. మధ్యలో కెమెరా కోత ఒక్కటి కూడా పడదు. ఈ ఒక్క సన్నివేశంలో సూపర్‌మ్యాన్ పాత్రధారి క్రిస్టఫర్ రీవ్ నా అభియోగాన్ని ముప్పాతిక వంతు కొట్టివేశాడని ఒప్పుకోక తప్పదు. మిగిలిన పాతిక వంతును మాత్రం నేను పట్టుబట్టి నిలుపుకుంటున్నాను.

లూథర్ పథకం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది భూగర్భ శాస్త్రానికి జరిగిన అవమానం. కాలిఫోర్నియాలో భూమి పొరల్లో ఉన్న శాన్ ఆండ్రియాస్ భ్రంశం అనే పొడవాటి పగులు మీద అణు క్షిపణి వేస్తే కాలిఫోర్నియా పశ్చిమ భాగం సముద్రంలో పడిపోతుందని, ఆవలి ఎడారిలో తాను కారుచౌకగా కొన్న భూములు సముద్ర తీరపు స్థలాలు అవుతాయని అతడి ఆశ. ఆ భ్రంశం దగ్గర భూమి పైపొరలోని రెండు పలకలు విడిపోవు, ఒకదాని పక్కగా ఒకటి రాసుకుంటూ జారుతాయి. 1906 శాన్ ఫ్రాన్సిస్కో భూకంపంలో కొన్నిచోట్ల నేల సుమారు ఆరు మీటర్ల దాకా పక్కకే జరిగింది, సముద్రంలోకి కాదు. లాస్ ఏంజిలిస్ ఏదో ఒక నాటికి శాన్ ఫ్రాన్సిస్కోకు పొరుగూరు అవుతుందేమో గాని మునిగిపోదు. ఒకవేళ మునిగినా, కొత్త తీరమంతా ఎవరి పేరు మీద ఉందో చూడడానికి అపరాధ పరిశోధకుడు అవసరం లేదు, భూముల దస్తావేజులు చూసే గుమాస్తా చాలు. తనను మించిన నేర మేధావి లేడని చెప్పుకునేవాడు ఈ చిన్న విషయం మరిచాడు.

ఇక అసలు ఫిర్యాదు. లూథర్ ఒక క్షిపణిని పడమటికి, ఒక క్షిపణిని తూర్పున న్యూజెర్సీలోని హాకెన్‌సాక్ ఊరికి వదిలాడు. ఆ ఊళ్లో తన తల్లి ఉన్నందున ముందు తూర్పు క్షిపణిని ఆపాలని మాట తీసుకున్నాకే లూథర్ ప్రియురాలు ఆ రాయి బారి నుంచి సూపర్‌మ్యాన్‌ను కాపాడింది. ఇచ్చిన మాట కోసం అతడు తూర్పుకు వెళ్లాడు, ఆ ఆలస్యంలో పడమటిది పేలింది, ఆ భూకంపంలో లోయిస్ కారుతో సహా నేల చీలికలో కూరుకుపోయి చనిపోయింది. ఇంతవరకు ధర్మసంకటం గొప్పగా ఉంది. కాని కొద్ది నిమిషాల తరువాత ఇదే మనిషి దుఃఖంతో పైకి లేచి, భూమి చుట్టూ రెప్పపాటుకో ప్రదక్షిణం చేస్తాడు. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి సుమారు 4,000 కిలోమీటర్లు. ప్రదక్షిణానికి ఒక సెకను వేసుకున్నా, ఒక క్షిపణి నుంచి మరో క్షిపణి దగ్గరికి వెళ్లడానికి సెకనులో పదోవంతు చాలు. అంటే లోయిస్ చావుకు కారణం ఇచ్చిన మాట కాదు, వేగం అవసరమైనప్పుడు ఆ వేగం ఉన్న సంగతి మరచిపోవడం.

ఆ ప్రదక్షిణాలతో అతడు భూమిని వెనక్కి తిప్పుతాడు, దానితో కాలం కూడా వెనక్కి తిరుగుతుంది. గడియారం ముల్లును చేత్తో వెనక్కి తిప్పి ఆఫీసుకు ఆలస్యం కాలేదని వాదించడం వంటిదిది. భూమధ్య రేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నది; దాన్ని పట్టుకుని ఆపితే సముద్రాలు, మేడలు, మనుషులు, మిగతా కార్లు అన్నీ అదే వేగంతో తూర్పుకు ఎగిరిపోతాయి. ఒక కారును బయటికి తీయడం కోసం ఇంత పని! అతడు కాంతిని మించిన వేగంతో కాలంలో వెనక్కి వెళ్లాడని, భూమి తిరగడం అతడి కంటికి కనిపించిన దృశ్యం మాత్రమేనని సమర్థకులు మళ్లీ వస్తారు. అలాగైతే పని అయ్యాక ఎదురు దిశలో తిరిగి భూమిని మళ్లీ మామూలుగా తిప్పి పెట్టడం దేనికి? పోనీ, కాలం వెనక్కి వెళ్లిందే అనుకుందాం. లోయిస్ బతికి వచ్చి, తన వెనకే పెట్రోలు బంకు పేలిందనీ, స్తంభాలు విరిగి పడ్డాయనీ సణుగుతుంది. అంటే భూకంపం వచ్చింది, ఆమెను మింగిన చీలిక ఒక్కటే రాలేదు.

ఈ చిక్కుముడికి మూలం కథలో కాదు, కథ రాసినచోట ఉంది. కాలాన్ని వెనక్కి తిప్పడం అసలు రెండో చిత్రం ముగింపు కోసం అనుకున్నది. దాన్ని తెచ్చి మొదటి చిత్రానికి అతికించారు. ఒక రోగికి కలిపిన మందును ఇంకొకరికి తాగించారు, అదృష్టం బాగుండి రోగి బతికాడు. దర్శకుడు రిచర్డ్ డానర్ కూర్పుగా 2006లో వెలువడిన రెండో చిత్రంలోనూ భూమి మళ్లీ వెనక్కి తిరిగింది. మందు పనిచేస్తుందని తెలిశాక ఊరుకుంటారా?

ఇంతకంటే పెద్ద లోపం ఒకటుంది, దాన్ని నేను నవ్వుతూ రాయలేకపోతున్నాను. పెంపుడు తండ్రి జోనథన్ కెంట్ గుండెపోటుతో కుప్పకూలినప్పుడు, ఇన్ని శక్తులుండీ ఆయనను కాపాడుకోలేకపోయానని ఆ కుర్రవాడు సమాధి దగ్గర వాపోతాడు. తరువాత కాలాన్నే తిప్పగల శక్తి దొరికింది. ఇంకొన్ని చుట్లు తిరగవలసింది. తిరగలేదు, ఎందుకు తిరగలేదో చిత్రం చెప్పదు, అతడికి ఆ ఆలోచన వచ్చినట్టు కూడా చూపదు. చివర్లో లూథర్‌ను జైల్లో దింపి, భూమి పైన తేలుతూ, సరాసరి మన కళ్లలోకి చూసి ఒక చిరునవ్వు నవ్వి వెళ్లిపోతాడు. ఆ ఎత్తున కెమెరా పట్టుకున్నది ఎవరన్న ప్రశ్నకు కూడా జవాబు రావలసే ఉంది.