సైకిల్ షాపు బెదిరింపు ఇక చాలు

గత జూన్‌లో ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినాలో మన తెలుగు సంఘం జరిపిన హైస్కూల్ గ్రాడ్యుయేట్ల సన్మానం చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. తెర మీద ఫోటో, దాని కింద యూనివర్సిటీ లోగో, మేజర్ (అక్కడ చదవబోయే ప్రధాన సబ్జెక్టు). చాపెల్ హిల్ అన్నప్పుడు చప్పట్లు, ఎన్.సి. స్టేట్ అన్నప్పుడు చప్పట్లు, జార్జియా టెక్ అన్నప్పుడు ఈలలు కూడా. మా మేనల్లుడి వంతు వచ్చేసరికి ఫోటో కింద ఖాళీ. మైకు పట్టుకున్నాయన "ఈ బాబు ఇంకా డిసైడ్ చేసుకోలేదట, మనందరం ఆల్ ద బెస్ట్ చెబుదాం" అని తర్వాతి పేరు చదివేశారు.

వాడు డిసైడ్ చేసుకున్నాడు. సంఘం పంపిన ఫారంలో స్పష్టంగా రాసిచ్చాడు కూడా: ఆష్‌విల్‌లో ఏ-బి టెక్ అనే రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో మెషినింగ్ (లోహాన్ని కోసి, చెక్కి భాగాలు చేసే పని) కోర్సు, పక్కనే సైకిల్ హబ్‌లు, అంటే చక్రం మధ్యలో ఉండే భాగాలు, తయారుచేసే ఒక చిన్న షాపులో ఇంటర్న్. అది తెర మీద వేస్తే మిగతా పిల్లల మధ్య వాడికి చిన్నతనంగా ఉంటుందని, మంచి ఉద్దేశంతోనే తీసేశారని తర్వాత తెలిసింది. ఆ మంచి ఉద్దేశమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. భోజనాల లైన్లో ఒకావిడ మా చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, "ఏమ్మా, ఎక్కడా అడ్మిషన్ రాలేదా?" అని జాలిగా అడిగారు. చెల్లెలూ బావగారూ అన్నం తినకుండానే ఇంటికి వెళ్ళిపోయారు. అడ్మిషన్ వచ్చిందో రాలేదో ఇక్కడ రాయను. వచ్చిందని చెబితేనే వాడికి గౌరవం దక్కేటట్టయితే ఈ వ్యాసం రాయడమే దండగ.

"సరిగ్గా చదవకపోతే సైకిల్ షాపులో పంక్చర్లు వేసుకుని బతుకుతావు." మనలో ఈ మాట వినకుండా పదో తరగతి దాటినవాళ్ళు తక్కువ. మా నాన్నగారు లెక్కల మాస్టారు. ఆయన కూడా అనేవారు. అలా అంటూనే, ఏడాదికోసారి తన సైకిల్ ఓవరాయిలింగ్‌కి ఇచ్చినప్పుడు నన్ను కాపలా కూర్చోబెట్టేవారు, కొత్త బేరింగులు తీసి పాతవి వేస్తారేమోనని. తెనాలిలో మా వీధి చివర రేకుల షెడ్డు అది. బయట గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిళ్ళు వరసగా ఉండేవి. లోపల ఒక బొచ్చెలో కిరసనాయిలు, అందులో నల్లబడ్డ గోళీలు. నా ఈడు కుర్రాడొకడు అక్కడ పనికి ఉండేవాడు. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూసి వేలుతో నొక్కిపెట్టడం, రిమ్ము ఊగుతుంటే సుద్దముక్క ఆనించి చక్రంలో ఏ పుల్ల (స్పోక్) బిగించాలో ఏది వదలాలో కనిపెట్టడం, అన్నీ వాడికి వచ్చు. ఒకరోజు షాపాయన ఫ్రీవీలు విప్పి నాకు చూపించారు. లోపల రెండు చిన్న కొక్కేలు, వాటిని ఎత్తిపట్టే సన్నటి స్ప్రింగు తీగ. ముందుకు తొక్కితే కొక్కేలు పళ్ళలో పడి చక్రాన్ని లాగుతాయి, తొక్కడం ఆపితే పళ్ళ మీద టకటకమని జారిపోతాయి. "ఆ చప్పుడు సమంగా రాకపోతే పని అయిపోయినట్టే బాబూ" అన్నారాయన. ఇంజనీరింగ్‌లో నాకు చెప్పిన ఏ పాఠమూ అంత తేటగా లేదు.

ఆ కుర్రాడు పెద్దవాడయ్యాక అదే షాపు కొన్నాడు. ముసలాయనకి కొడుకులున్నారు గానీ వాళ్ళకి ఆ పని మీద మనసు లేదు. కిందటిసారి ఊరెళ్ళినప్పుడు చూశాను, పక్క గది కూడా కలుపుకుని మోపెడ్‌లు బాగుచేస్తున్నాడు, ఇద్దరు కూతుళ్ళనీ చదివించుకున్నాడు. పనికుర్రాడిగా చేరినవాడు యజమాని అయ్యాడు. మా వీధిలో మాత్రం దాన్ని ఎదుగుదల అన్నవాళ్ళు లేరు. "పాపం, చదువు అబ్బలేదు" అనే ఇప్పటికీ అంటారు.

ఇప్పుడు మనం ఉంటున్న రాష్ట్రం సంగతి చూడండి. ఆష్‌విల్‌లో సైకిల్ చక్రాలు, హబ్‌లు చేసే ఇండస్ట్రీ నైన్ అనే కంపెనీ ఉంది. కొండల్లో మౌంటెన్ బైకులు తొక్కే పిల్లల్ని అడిగితే ఆ కంపెనీ రంగురంగుల అల్యూమినియం పుల్లల గురించి చెబుతారు. ఆ కంపెనీ చేసే హైడ్రా అనే హబ్‌లో ఉన్నది తెనాలిలో నేను చూసిన ఏర్పాటే, కాకపోతే 115 పళ్ళు, ఆరు కొక్కేలు. ఆ ఆరూ ఒకేసారి పడవు, ఒకదాని తర్వాత ఒకటి పడేటట్టు అమర్చారు. అందుకని ఒక చుట్టులో 690 చోట్ల పట్టు దొరుకుతుంది. వెనక పళ్ళచక్రం అర డిగ్రీ కదిలితే చాలు, చక్రం అందుకుంటుంది. రాళ్ళ మధ్య ఎత్తు ఎక్కేవాడికి ఆ అర డిగ్రీ ఎంత విలువైనదో మా మేనల్లుడు గంటసేపు చెప్పగలడు. ఈ కంపెనీ ఇప్పటి యజమాని ఒకప్పుడు అక్కడే ఇంటర్న్. పని నేర్చుకుంటూ, బాధ్యతలు తీసుకుంటూ, చివరికి స్థాపించినవాళ్ళ దగ్గర కంపెనీనే తీసుకున్నాడు. అక్కడికి దగ్గర్లోనే ఫ్లెచర్‌లో కేన్ క్రీక్ ఉంది. సైకిల్ హెడ్‌సెట్‌లకి (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల జత) పేరుపడ్డ ఆ కంపెనీకి పనిచేసేవాళ్ళే యజమానులు.

ఇది అదృష్టం కొద్దీ జరిగేది కాదు. చిన్న తయారీ కంపెనీ పెట్టినవాళ్ళకి వయసు మీదపడేసరికి, ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న వస్తుంది. బయటివాడు కొంటే పేరు, డ్రాయింగులు, మెషిన్లు వస్తాయి. ఏ లేత్ మెషిన్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక కొలత, మధ్యాహ్నం వేడెక్కాక ఇంకో కొలత ఇస్తుందో అతనికి తెలియదు. లోపల పెరిగినవాడికి తెలుసు. పెద్ద కంపెనీల మొదలు కూడా చేతిపనే. షిమనో పేరు మీ పిల్లల సైకిళ్ళ గేర్ల మీద చూసే ఉంటారు. 1921లో జపాన్‌లోని సకాయ్‌లో ఆ కంపెనీ మొదలైందీ ఫ్రీవీళ్ళతోనే. మన దేశంలో ముంజాల్ సోదరులు ముందు సైకిల్ విడిభాగాలు అమ్మి, తర్వాత తయారుచేసి, 1956లో లూథియానాలో హీరో సైకిల్ మొదలుపెట్టారు. వీళ్ళందరి చేతులకీ గ్రీజు అంటింది.

తల్లిదండ్రుల భయం నాకు తెలియనిది కాదు. మనలో చాలామందికి డిగ్రీ అంటే పరువు ఒక్కటే కాదు. ఇక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్-1బి వీసాకి డిగ్రీ కావాలి, లాటరీ తగలాలి, ఆ తర్వాత భారతదేశంలో పుట్టినవాళ్ళకి గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడుగో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లకి 21 నిండితే వేరే వీసా చూసుకోవాలి. ఆ ఇంట్లో "మెషిన్ షాపులో చేరతాను" అంటే తల్లి గుండె ఆగినంత పనవుతుంది, అందులో ఆవిడ తప్పు లేదు. మా మేనల్లుడు ఇక్కడే పుట్టాడు కాబట్టి ఆ టెన్షన్ లేదు. 26 ఏళ్ళ దాకా అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు. ఆ వెసులుబాటు లేని పిల్లలకి ఇదే దారి అని నేను చెప్పను.

ఆ వ్యాపారంలో కష్టాలు లేవనీ అనను. కోవిడ్ రోజుల్లో సైకిళ్ళు దొరక్క జనం క్యూ కట్టారు, ఆ తర్వాత గోడౌన్లలో సరుకు పేరుకుపోయింది. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు ఆష్‌విల్‌లో నెలన్నర దాటినా కుళాయిలో తాగే నీళ్ళు రాలేదు. మెషిన్ షాపు పని ఇంట్లో కూర్చుని చేసేది కాదు. ఇంటర్న్‌గా చేరిన ప్రతివాడూ యజమాని అవ్వడు, చాలామంది అవ్వరు. కానీ కంప్యూటర్ సైన్స్‌లో చేరిన ప్రతి పిల్లా సీఈఓ అవుతుందని మనం చప్పట్లు కొట్టడం లేదు కదా! వాళ్ళు ఒక పని నేర్చుకోబోతున్నారని కొడుతున్నాం. వీడూ నేర్చుకోబోతున్నాడు.

దసరాకి మన గుడి పార్కింగ్ లాట్‌లో కార్లకి నిమ్మకాయలు పెట్టి ఆయుధపూజ చేయిస్తాం. ఇంట్లో స్పానర్‌కీ స్క్రూడ్రైవర్‌కీ కుంకుమ పెడతాం. పనిముట్టుకి దండం పెట్టే మనకి, అదే పనిముట్టు పట్టిన పిల్లవాడి పేరు పక్కన ఏం రాయాలో తోచకపోవడం బాధాకరం.

అందుకే కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. వచ్చే ఏడాది ఫారంలో "చేరబోయే యూనివర్సిటీ" అన్న గడి తీసేసి "తర్వాత ఏం చేయబోతున్నారు" అని పెట్టండి. పిల్లలు ఏది రాస్తే అది తెర మీద వేయండి, అక్షరం మార్చకుండా. నర్సింగ్ అసిస్టెంట్ అన్నా, వెల్డింగ్ అన్నా, ఒక ఏడాది ఆగి ఆలోచించుకుంటాను అన్నా. యూత్ కమిటీ ఏటా పెట్టే కెరీర్ సెమినార్‌లో డాక్టర్లతో, ఐటీ వాళ్ళతో పాటు కమ్యూనిటీ కాలేజీ నుంచి ఒకర్ని పిలవండి. మన రాష్ట్రంలో 58 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. హైస్కూల్లో ఉండగానే రిజిస్టర్డ్ అప్రెంటిస్‌గా (పనిచేస్తూ నేర్చుకునే శిక్షణలో) చేరిన పిల్లలకి వాటిలో ట్యూషన్ మినహాయింపు కూడా ఉంది. ఈ సంగతి మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

తల్లిదండ్రులకు ఒక్క మాట. మన పెద్దవాళ్ళు సైకిల్ షాపు పేరు చెప్పి బెదిరించింది మన మీద ప్రేమతోనే, వాళ్ళు చూసిన పేదరికం అలాంటిది. ఇక్కడ పుట్టిన పిల్లల్ని ఆ మాటతో బెదిరించకండి. ఒక శనివారం వాళ్ళని ఏదైనా మెషిన్ షాపుకి తీసుకెళ్ళి చూపించండి. మా వాడు పనిచేసే చోటికి రావాలంటే నాకు చెప్పండి. మన కేరీ ఊరి నుంచి నాలుగు గంటల ప్రయాణం. వాడు దగ్గరుండి అన్నీ చూపిస్తానన్నాడు, షాపు వాళ్ళూ సరేనన్నారు.