లేడి ఎటు పరుగెత్తాలి?

నారాయణపేట జిల్లా కృష్ణా, మాగనూరు మండలాల్లో పత్తి మొలక రెండాకులు వేసిందంటే రైతుకు టెన్షన్ మొదలవుతుంది. తెల్లారేసరికి కృష్ణజింకల మంద సాళ్లకు సాళ్లు కొరికేసి పోతుంది. చేలో వేలెడు మోడులు మిగులుతాయి. చుట్టూ పాత చీరలు కడితే నాలుగు రోజులు ఆ రెపరెపలకు బెదురుతాయి, తర్వాత లెక్కచేయవు. ఇక మళ్లీ విత్తనం, మళ్లీ కూలి. ఈలోగా అదను దాటిపోతుంది.

తరిమికొట్టడం తప్ప రైతు ఇంకేం చేసినా నేరమే. కృష్ణజింక వన్యప్రాణి చట్టం షెడ్యూల్-1లో, అంటే అత్యంత రక్షణ ఉన్న జాబితాలో ఉంది. 1998 నాటి వేట కేసులో సల్మాన్ ఖాన్‌కు 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలుకు వెళ్లి బెయిల్ తెచ్చుకున్నారు. పత్తి రైతుకు అంత స్తోమత ఎక్కడిది?

లేడికి లేచిందే పరుగు అంటాం. గంటకు 80 కిలోమీటర్ల దాకా పోయే ఆ పరుగు చీతా నుంచి తప్పించుకోవడానికి అబ్బిందే. ఆ చీతా మన దేశంలో అంతరించిందని 1952లోనే ప్రకటించారు. వెంటాడేది పోయింది సరే, మేసే నేల కూడా పోయింది. అడవి నరికితే గోల చేస్తాం. గడ్డి మైదానం దున్నితే ఎవరికీ పట్టదు, ఎందుకంటే రికార్డుల్లో దాని పేరు బంజరు. పరిశ్రమకైనా, సోలార్ పార్కుకైనా ముందు గుర్తొచ్చేది అదే. 'అడవిలోకి తోలేయండి' అనేవాళ్లు ఒకటి మరుస్తున్నారు: కనుచూపు మేర ఖాళీ ఉంటేనే కృష్ణజింకకు ధైర్యం, దట్టమైన అడవిలో అది బతకలేదు.

కర్నూలు వైపు రోళ్లపాడు చూడండి. బట్టమేక పిట్ట కోసం 1988లో దాదాపు 600 హెక్టార్లను అభయారణ్యం చేశారు. పిట్ట దాదాపు కనుమరుగైంది, జింకలు పెరిగాయి. ఆ కాస్త గడ్డి చాలక కంచె దాటి పొలాల్లో పడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది, మేత ఖర్చు మాత్రం పక్క రైతు మీద వేసింది!

2025లో మధ్యప్రదేశ్ షాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టర్‌తో అదిలించి, వందల కృష్ణజింకలను పట్టి వేరేచోట వదిలారు. మన దగ్గరా చేయొచ్చు. కానీ వదలడానికి గడ్డి నేల మిగలాలిగా! ముందు ఉన్న బీళ్లను జింకల మేతకని రికార్డుల్లో రాసిపెట్టాలి. పరిహారం రెండోసారి విత్తేలోపు చేతికందాలి. అధికారి తీరిగ్గా పంచనామాకు వచ్చేసరికి చేలో రెండో విత్తనం మొలిచి పచ్చగా ఉంటుంది. 'నష్టం ఏదీ?' అంటే రైతు ఏం చూపిస్తాడు?