కారు జాతకం

కారు ఇన్సూరెన్సు రెన్యువల్ నెల వచ్చిందంటే మా ఇంట్లో పెళ్లిచూపుల నెల వచ్చినట్టే. ఏజెంటు ఫోన్ చేసి జాతకం అడుగుతాడు. పుట్టిన తేదీ? 2019 మార్చి. జన్మస్థలం? హైదరాబాదు. గోత్రం? పెట్రోలు. ఒడ్డూ పొడుగూ? 1197 సీసీ. ఒంటి మీద మచ్చలు? ఎడమ డోరు మీద ఒక గీత, మా అపార్ట్‌మెంటు స్తంభం పెట్టిన కల్యాణ తిలకం. ఇంతకుముందు ఏ కంపెనీతో ఉండేది, ఎందుకు విడిపోయింది? ఇవన్నీ కారు గురించి. నా గురించి అడిగేది మాత్రం ఒక్కటే. "నామినీ ఎవరు సార్?" అంటే, నేను పోతే డబ్బు ఎవరికివ్వాలని. బతికున్నన్నాళ్లూ బండి ఎలా నడుపుతానన్నది ఆయనకు అనవసరం.

మొదట్లో కొంచెం చిన్నతనంగా ఉండేది. పద్నాలుగేళ్ల నుంచి నడుపుతున్నాను, ఒక్క మనిషైనా "మీరు ఎర్రలైటు దగ్గర ఆగుతారా?" అని అడగలేదు. ఆలోచించగా తెలిసింది, ఇది అవమానం కాదు, సమానత్వం. రాజ్యాంగం చేతకాక వదిలేసిన సమానత్వం మోటారు ఇన్సూరెన్సులో అమలవుతోంది. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టం కోసం కట్టేది, కంపెనీల ఇష్టం కాదు, ప్రభుత్వం పట్టిక వేసి ఇస్తుంది. 2022 జూన్ 1 నుంచి వచ్చిన పట్టికలో వెయ్యి సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. వెయ్యి దాటి పదిహేను వందల దాకా 3,416. ఆపైన 7,897. ముసలా, కుర్రా, తాగి నడుపుతాడా, తులసి తీర్థం పుచ్చుకుని నడుపుతాడా అన్న గడి ఆ పట్టికలో లేదు. ఆల్టోలో వచ్చే యముడికి 2,094. ఇన్నోవా క్రిస్టాలో వచ్చే సాధువుకు 7,897.

దేశం మొత్తానికి బీమా నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడ దగ్గర ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఉంది. సాయంత్రం ఆరున్నరకు ఆ చుట్టుపక్కల రోడ్డు మీద అరగంట నిలబడితే డ్రైవర్లలో ఎన్ని జాతులున్నాయో తెలిసిపోతుంది. యూటర్న్ అర కిలోమీటరు దూరంలో ఉందని పెట్రోలు మీద గౌరవంతో రాంగ్ రూట్లో వచ్చే పొదుపరి ఒకడు. ఇండికేటరు వేస్తే తన వ్యూహం శత్రువులకు తెలిసిపోతుందని నమ్మే సేనాపతి ఇంకొకడు. లైటు ఇంకా ఎర్రగా ఉండగానే ముందువాణ్ణి హారన్‌తో తోసుకుపోదామనుకునే ఆశావాది మరొకడు. వీళ్లందరికీ ఒకటే రేటు. అసలు ఏ ఇన్సూరెన్సూ అక్కర్లేని జాతి కూడా ఉంది. 2024 ఎన్నికలయ్యాక నంబరు ప్లేటు ఉండాల్సిన చోట "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అని అతికించుకు తిరిగినవాళ్లను చూశాం కదా. అది ఫుల్ ఇన్సూరెన్సు, ప్రీమియం సున్నా, రెన్యువల్ అయిదేళ్లకోసారి.

ఇక మా ఇంటి సంగతి. మా ఇంట్లో డ్రైవర్లు ముగ్గురు. ముగ్గురికీ చవగ్గా పాలసీ వెతికే పని నాది.

మొదటివారు మా నాన్న. రిటైర్డ్ హెడ్మాస్టరు, ఉండేది గుంటూరు. ఆయన ఆల్టో ఆదివారం గుడికి, బుధవారం రైతుబజారుకు తప్ప కదలదు. నాలుగో గేరు వాడితే అరిగిపోతుందని అనుమానం. బీమావాళ్ల లెక్కలో ఎనిమిది మహానగరాలు ఏ జోను, మిగతా దేశమంతా బీ జోను. హైదరాబాదు ఏ, గుంటూరు బీ. అందుకని ఆయన సొంత డ్యామేజీ ప్రీమియం, అంటే మన కారుకే తగిలే దెబ్బల కోసం కట్టేది, నాకంటే కాస్త తక్కువ. జోను చూసేది బండి తిరిగే రోడ్డును బట్టి కాదు, రిజిస్ట్రేషన్ ఊరును బట్టి. ఆల్టో రేపు హైదరాబాదు వచ్చి మెహదీపట్నంలో ఇరుక్కున్నా జాతకంలో జన్మస్థలం గుంటూరే కాబట్టి శాంతమూర్తిగానే చెలామణీ అవుతుంది.

నాన్న జీవితంలో సాధించిన వాటిలో పెన్షన్ తర్వాత స్థానం నో క్లెయిమ్ బోనస్‌ది. ఒక ఏడాది క్లెయిమ్ చేయకపోతే ఆ సొంత డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, తర్వాత 25, 35, 45, అయిదో ఏడు నిండితే 50. ఆయన 50 దగ్గర కూర్చుని చాలాకాలమైంది. పోయిన సంక్రాంతికి ఒక ఆటో వెనక బంపరును ముద్దాడి వెళ్లిపోయింది. షెడ్డువాడు బంపరు మార్చాలి, 2,600 అన్నాడు.

"క్లెయిమ్ చేద్దాం నాన్నా, ఫుల్ ఇన్సూరెన్సేగా."

"నోర్ముయ్. అయిదేళ్ల తపస్సురా అది."

నేను నవ్వాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, పాత లెక్కల మాస్టరు కదా, కరెంటు బిల్లు వెనక లెక్క వేశారు. బంపరు ప్లాస్టిక్ కాబట్టి తరుగు కింద సగం కోస్తారు. మిగిలింది 1,300. అందులో ప్రతి క్లెయిమ్‌కూ మన జేబులోంచి పెట్టుకోవాల్సింది, పదిహేను వందల సీసీ లోపు కారుకు, 1,000. చేతికొచ్చేది మూడొందలు. ఆయన సొంత డ్యామేజీ ప్రీమియం బోనస్ లేకపోతే 2,200, ఉంటే 1,100. మూడొందలకు ఆశపడితే వచ్చే ఏడు 1,100 ఎక్కువ కట్టి, మళ్లీ 20 నుంచి తపస్సు మొదలుపెట్టాలి. నా నవ్వు ఆగిపోయింది. దేశంలో ఎందరు ఇంజనీర్లు ఈ లెక్క వేయకుండా గీతకో క్లెయిమ్ పెడుతున్నారో!

ఈ బోనస్ సిద్ధాంతం మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ పుణ్యం కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మేసినా, కంపెనీ దగ్గర కాగితం రాయించుకుంటే, కొత్త కారులోకి వచ్చేస్తుంది. శరీరం మారినా ఆత్మ ఉంటుందన్నట్టు. కానీ పాలసీ గడువు దాటాక 90 రోజులు నిద్రపోతే ఎన్నేళ్ల పుణ్యమైనా ఒక్కరోజులో కరిగిపోతుంది. మా కాలనీలో ఒకాయన విదేశం నుంచి మనవణ్ణి చూసుకుని తిరిగొచ్చేసరికి అదే జరిగింది. ఆయన మనవడి ఫొటోలు చూపిస్తూనే మధ్యలో ఆగి నిట్టూరుస్తాడు.

రెండో డ్రైవరు నేను. నా గురించి చెప్పుకుంటే బాగుండదు.

మూడోవాడు మా బావమరిది. ఇరవయ్యొకటి. ఇంజనీరింగు ఆఖరి ఏడు, నాలుగు బ్యాక్‌లాగులు. లైసెన్సు వచ్చి ఏడాదైంది. "కొంచెం గుడికెళ్లొస్తా బావా" అని నా కారు తాళాలు తీసుకుంటాడు. ఆ గుడి ఔటర్ రింగు రోడ్డు మీద ఎక్కడో ఉందని ఫాస్టాగ్ మెసేజీల వల్ల నాకు తెలుస్తుంది. ఈ పిల్లవాడు స్టీరింగు ముందు కూర్చున్నంత మాత్రాన నా ప్రీమియం ఒక్క రూపాయి పెరగదు. మా నాన్న కూర్చున్నా తగ్గదు.

ఇది అన్యాయమని పైవాళ్లకు తోచకపోలేదు. 2021 జనవరిలో ఐఆర్‌డీఏఐ వేసిన కార్యబృందం ఒకటి, ట్రాఫిక్ తప్పులకు పాయింట్లు వేసి, ఆ పాయింట్లను బట్టి ప్రీమియం పెంచుదామని చెప్పింది. తాగి నడిపితే 100 పాయింట్లు, ఎక్కడపడితే అక్కడ బండి ఆపితే 10. చదివి సంతోషించాను. ఆ తర్వాత ఎన్ని రెన్యువల్ నోటీసులు వచ్చినా ఆ గడి మాత్రం నాకు కనిపించలేదు. ఆలోగా మన తెలంగాణలో పాపులకే పండగ వచ్చింది. 2023 డిసెంబరు చివర్లో పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు, టూ వీలర్లకు 80 శాతం, కార్లకు 60. మా మామగారి పేరున ఉన్న బైకు మీద పేరుకున్న బావమరిది పాపాలన్నీ ఒక్క పూటలో మీసేవలో కడుక్కుపోయాయి. లెక్క మీరే చూడండి. అయిదేళ్లు గీత పడకుండా నడిపిన మా నాన్నకు 50 శాతం. సిగ్నళ్లు దూకినవాడికి 80. ఆ రోజు బావమరిది నన్ను చూసిన చూపులో జాలి ఉంది.

మరి డ్రైవర్ని చూసే దేశం లేదా అంటే ఉంది. మా పెదనాన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ కారుకంటే ముందు మనిషి జాతకం చూస్తారు. వయసు, పాత ట్రాఫిక్ టికెట్లు, ఆఖరికి బ్యాంకు అప్పులు ఎంత క్రమంగా కడుతున్నాడో కూడా. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయి రాష్ట్రాల్లో ఆ క్రెడిట్ స్కోరు చూడటం కుదరదు. టెక్సాస్‌లో చూస్తారు. ఎంఎస్‌కని దిగిన మన పిల్లవాడికి అక్కడ స్కోరూ ఉండదు, డ్రైవింగు చరిత్రా ఉండదు. ఏడేళ్ల పాత కారు కొంటే, ఇన్సూరెన్సు చూసి కారు కొన్నది తానా లేక కంపెనీయా అన్న సందేహంలో పడతాడు. మా అన్నయ్య కొడుక్కి పదిహేడు రాగానే పాలసీలో పేరు చేరిస్తే బిల్లు చూసి వదిన రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు అన్నయ్య ఉత్సాహంగా ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఇక్కడ పిల్లలకు మంచి మార్కులు వస్తే ఇన్సూరెన్సులో తగ్గిస్తార్రా!"

నిజమే, బి గ్రేడు సగటు దాటిన విద్యార్థులకు అక్కడ చాలా కంపెనీలు తగ్గింపు ఇస్తాయి. తెలుగు తండ్రులు ఇన్నాళ్లూ "చదువురా, బాగుపడతావు" అంటే పిల్లలు రుజువు అడిగేవారు. ఇదిగో రుజువు, డాలర్లలో. ఈ పద్ధతి ఇక్కడ పెడితే మా బావమరిది నాలుగు బ్యాక్‌లాగులతో మామగారు ఇల్లు తాకట్టు పెట్టాలి. ఇంటర్ కాలేజీలు మాత్రం ఊరుకోవు. "మా వద్ద చదివిన 312 మందికి ప్రీమియం తగ్గింపు" అని ఫ్లెక్సీ కడతాయి.

మన దగ్గర కూడా 2022 జూలైలో ఒక కిటికీ తెరిచారు. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంతకు కట్టే పాలసీలు, ఎలా నడుపుతున్నామో చూసి కట్టించుకునే పాలసీలు అమ్ముకోవచ్చని నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మొదటిది మా నాన్నకు అచ్చంగా సరిపోతుంది. మీ ఇంట్లో కారు కవరు కప్పుకునే పడుకుంటుంటే తప్పకుండా అడగండి. రెండోదానికి నేను భయపడ్డాను. సడన్ బ్రేకు ఎన్నిసార్లు వేశామో యంత్రం లెక్కపెడుతుందట. సడన్ బ్రేకు వేయకుండా అమీర్‌పేట దాటినవాడు ఎవడైనా ఉంటే వాడు నడిచి దాటి ఉంటాడు.

ఏమైనా, మన కంపెనీలకు డ్రైవరు కనపడడనుకోవడం తప్పు. కనపడతాడు, డబ్బు ఇవ్వాల్సిన రోజున. ప్రీమియం కట్టేటప్పుడు చూడని మొహాన్ని సర్వేయరు అద్దం పెట్టి చూస్తాడు. నడిపిందెవరు? లైసెన్సు ఏది? ఎల్ బోర్డా? అయితే పక్కన లైసెన్సున్నవాడు ఉన్నాడా? ఊదించారా? తెల్ల నంబరు ప్లేటుతో అద్దెకు తిప్పారా? పెళ్లివారిని ఎక్కించుకుంటే వాళ్లు మీ చుట్టాలేనా, లేక డబ్బులిచ్చారా? ఇన్నేళ్లూ పట్టించుకోని మామగారు ఆస్తి పంపకాల వేళ అల్లుడి గుణగణాలు ఆరా తీసినట్టు. మనం గుద్దితే అవతలి మనిషికి ఇచ్చే పరిహారానికి పాలసీలో హద్దు లేదు, కోర్టు ఎంతంటే అంత. అవతలి గోడకైతే ఏడున్నర లక్షలే. గుద్దక తప్పని పరిస్థితి వస్తే ఏది ఎంచుకోవాలో చెప్పేందుకు నాకు నోరు రావడం లేదు.

ఈసారి మా ఏజెంటు చవక చేసి చూపించిన విధానం మాత్రం ముచ్చటగా ఉంది. అయిదేళ్లు దాటిన కారు విలువకు పట్టిక లేదు, ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకోవడమే. ఆయన ఐడీవీని, అంటే పాలసీలో రాసే ఆ విలువను, 3,80,000 నుంచి 3,10,000కు దించి, "చూడండి సార్, ఆరొందలు మిగిల్చాను" అన్నాడు. కారు పోతే నాకు డెబ్బై వేలు తగ్గుతాయన్నది చెప్పలేదు. చెడు మాట పలకకూడదని కాబోలు. తర్వాత తరుగు కోయకుండా ఇచ్చే బంపర్ టు బంపర్ తీసేశాడు, ఇంకా తగ్గింది. ఇంజన్ ప్రొటెక్షన్ తీసేయబోతుంటే ఆపాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా చిన్నాన్నగారి కారు స్టీరింగు దాకా నీళ్లలో నిలబడింది. వరద నష్టం ఫుల్ ఇన్సూరెన్సులో ఉంటుంది. కానీ నీళ్లు కాస్త తగ్గగానే "స్టార్టవుతుందేమో చూద్దాం" అని ఆయన తాళం తిప్పారు. ఇంజను లోపలి నీటితో పట్టేసింది. అది వరద చేసిన పని కాదు, మీరు చేసిన పని అన్నారు. ఇంజన్ ప్రొటెక్షన్ ఉంటే ఆ వాదన ఉండేది కాదు. మునిగిన కారుకు తాళం తిప్పకండి, తోయించి షెడ్డుకు లాగించండి. ఇందులో వ్యంగ్యం లేదు.

చివరికి బేరం కుదిరింది. విలువ మళ్లీ 3,70,000కు ఎక్కించాను, బంపర్ టు బంపర్ వెనక్కి పెట్టించాను, మూడు కంపెనీల రేట్లు పక్కపక్కన చూసి మధ్యదానికి ఊ అన్నాను. పైన 18 శాతం జీఎస్టీ. సాయంత్రం వాట్సాప్‌లో పాలసీ వచ్చింది. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. నామినీగా మా ఆవిడ పేరు బ్రహ్మాండంగా ఉంది. కింద యజమాని పుట్టిన తేదీ దగ్గర 2019 మార్చి అని పడింది. నాకు ఏడేళ్లట. ఏజెంటుకు ఫోన్ చేశాను.

"అది బండి పుట్టినరోజండి, పొరపాటున అక్కడ పడినట్టుంది."

"మరి మార్చవా?"

"బండిది కరెక్టుగా పడిందిగా సార్. మీది ఎవరు చూస్తారు?"