మెజెంటా లైన్ వెనక ఏముందో కూడా నేర్పండి

పైలట్ ట్రైనింగ్‌లో ఆర్‌ఎన్‌పీ అప్రోచ్‌లు (శాటిలైట్ సిగ్నల్ పట్టుకుని రన్‌వేకి దిగొచ్చే పద్ధతి) నేర్పే తీరు మీద చాన్నాళ్ళుగా కడుపులో పెట్టుకున్నది ఇవాళ రాసేస్తున్నా. మెజెంటా లైన్ అంటే కాక్‌పిట్ స్క్రీన్ మీద వెళ్ళాల్సిన దారి చూపించే రంగు గీత. పొడుగు పోస్టే, ఈ లైన్లో ఉన్నవాళ్ళు, పిల్లల్ని ఈ కోర్సుల్లో చేర్పిద్దామనుకునే తల్లిదండ్రులు కాస్త ఓపిగ్గా చదవండి.

పాత పద్ధతి ఐఎల్‌ఎస్ అయితే రన్‌వే దగ్గర యాంటెన్నాలు ఉంటాయి, అవి పంపే సిగ్నల్ పట్టుకుని దిగుతాం. ఆర్‌ఎన్‌పీకి నేల మీద ఆ సరంజామా అక్కర్లేదు, శాటిలైట్ సిగ్నల్, విమానంలో డేటాబేస్ ఉంటే చాలు. చిన్న ఊళ్ళ ఎయిర్‌పోర్టులకి ఇది నిజంగా వరం. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేసిన గగన్ (జీపీఎస్ తప్పుల్ని సరిదిద్దే మన శాటిలైట్ వ్యవస్థ) సాయంతో 2022 ఏప్రిల్లో ఇండిగో ఏటీఆర్ విమానం రాజస్థాన్ కిషన్‌గఢ్‌లో దిగినప్పుడు నాకెంత సంతోషమేసిందో. కాబట్టి టెక్నాలజీతో నాకే పేచీ లేదు.

పేచీ అంతా నేర్పడంతోనే. ప్రొసీజర్ లోడ్ చెయ్యి, అప్రోచ్ బటన్ నొక్కు, డైమండ్ (దారిలో ఉన్నామో లేదో చూపే గుర్తు) మధ్యలో ఉందా, మినిమమ్స్ (రన్‌వే కనబడకుండా ఇంతకన్నా దిగకూడదనే ఎత్తు) దాకా రా, అయిపోయింది, సంతకం! మొన్న ఏ320 సిమ్యులేటర్‌లో (సిమ్ అంటాం) ఒక కుర్రాడు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) కూడా ఉంది, ఎదురుగా స్క్రీన్ మీద ఫైనల్ ఆప్ (అప్రోచ్ మోడ్ పట్టుకుందని గుర్తు) అని పచ్చగా వెలుగుతోంది, "ఈ గ్లైడ్‌పాత్, అదే కిందికి దిగే దారి, ఎక్కడ్నుంచి వస్తోంది నాన్నా" అనడిగితే టక్కున "జీపీఎస్ నుంచి సార్" అన్నాడు. కాదు. ఆ విమానంలో ఆ అప్రోచ్‌కి కుడి ఎడమలు జీపీఎస్ చూస్కుంటుంది, ఎత్తు మాత్రం ఆల్టిమీటర్ లెక్క, అంటే గాలి ప్రెషర్. తప్పు ఆ పిల్లాడిది కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు అంతే.

చెప్పకపోతే ఏమవుతుందో పారిస్‌లో చూశాం. 2022 మే 23, చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్ట్, ఐఎల్‌ఎస్ పనిచెయ్యట్లేదు, వాన, మబ్బు, ఒక ఏ320 ఇలాంటి ఆర్‌ఎన్‌పీతోనే దిగుతోంది. కంట్రోలర్ క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టుకోవాల్సిన గాలి ప్రెషర్, హెక్టోపాస్కల్స్‌లో) 1001 చెప్పాల్సింది 1011 అని చెప్పారు, పైలట్లు అదే పెట్టుకున్నారు. ఒక్కో హెక్టోపాస్కల్‌కి దాదాపు 28 అడుగులు, అంటే విమానం 280 అడుగులు కిందగా వస్తోంది, కానీ స్క్రీన్ మీద అంతా సెంటర్లోనే! రన్‌వే ఇంకా కిలోమీటరున్నర దూరం ఉండగా నేలకి 6 అడుగుల ఎత్తుకి వచ్చేసింది. లోపల 172 మంది ప్యాసింజర్లు. రన్‌వే కనబడలేదని గో అరౌండ్ కొట్టారు, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచారు, కాబట్టి బతికారు.

ఇక్కడే అసలు పాఠం ఉంది. ఐఎల్‌ఎస్‌లో గ్లైడ్‌స్లోప్ నేల మీద నుంచి వస్తుంది కాబట్టి చార్ట్‌లో రాసిన ఎత్తు, ఆల్టిమీటర్ ఎత్తు తేడా కొడితే క్యూఎన్‌హెచ్ తప్పని దొరికిపోతుంది. ఆర్‌ఎన్‌పీలో ఎత్తు ఆల్టిమీటర్ నుంచి వచ్చినప్పుడు దారీ దాన్నుంచే, చెకింగూ దాంతోనే, ఇంక తప్పెలా దొరుకుతుంది? చార్ట్‌లో దూరం-ఎత్తు పట్టీ వంద సార్లు చూసినా అన్నీ కరెక్ట్‌గానే ఉంటాయి. ఆటిస్‌తో (ఎయిర్‌పోర్ట్ రికార్డు చేసి వినిపించే వాతావరణ సమాచారం) పోల్చుకోవాలి, రేడియో ఆల్టిమీటర్ (రేడియో తరంగాలతో నేల నుంచి ఎత్తు కొలిచేది) మీద కన్నుండాలి. గగన్‌తో చేసే ఎల్‌పీవీ అప్రోచ్ అయితే దారి ప్రెషర్ మీద ఆధారపడదు, నిజమే, కానీ డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా, మళ్ళీ లేవాలా తేల్చుకునే ఎత్తు) చదివేది మళ్ళీ ఆ ఆల్టిమీటర్ మీదే కదా.

ఇంక శాటిలైట్ సంగతి. మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే పార్లమెంట్‌లో చెప్పారు, ఢిల్లీలో రన్‌వే 10కి జీపీఎస్ అప్రోచ్‌తో వస్తున్న కొన్ని విమానాలకి స్పూఫింగ్ (దొంగ సిగ్నల్) తగిలిందని. సిగ్నల్ పోవడం వేరు, ఉన్న సిగ్నల్ అబద్ధం చెప్పడం వేరు, రెండోదాన్ని గుర్తుపట్టడం చాలా కష్టం. మరి ట్రైనింగ్‌లో ఏం చేస్తున్నాం? "ఇప్పుడు జీపీఎస్ ఫెయిల్ చేస్తున్నా, రెడీయా" అని ముందే చెప్పి మరీ ఫెయిల్ చేస్తున్నాం, నేను చూసిన ఒక చోటైతే అది కూడా నోటి మాటగా అడిగి వదిలేశారు.

ఇన్‌స్ట్రక్టర్లూ, చెప్పకుండా తప్పు క్యూఎన్‌హెచ్ ఇవ్వండి. ఫైనల్లో, అంటే దిగే చివరి దశలో, మబ్బులో ఉండగా పొజిషన్ మెల్లగా పక్కకి జరపండి. వాళ్ళు తడబడనివ్వండి, తర్వాత సిమ్ ఆపి కూర్చోబెట్టి ఏ సూచన ముందు కనబడిందో మాట్లాడండి. ఇంకో గంట సిమ్ ఖర్చంటారా, అరకోటి దాకా కడుతున్నారు పిల్లలు! పేరెంట్స్, మీరు స్కూల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఎన్ని విమానాలున్నాయో ఎలాగూ అడుగుతారు, దాంతోపాటు ఆర్‌ఎన్‌పీ మీద సిమ్‌లో ఎన్ని గంటలిస్తారు, అందులో ఫెయిల్యూర్లకి ఎన్ని గంటలు అని కూడా అడగండి, వీలైతే కాగితం మీద రాసిమ్మనండి.