ముగ్గుబుట్ట తలతో జీరో టికెట్

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సెక్కాను. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చిన దగ్గర్నుంచి ఆడవాళ్లందరికీ జీరో టికెట్టే కదా, బస్సులో కాలు పెట్టే చోటుండదు, ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే అయినప్పుడు "స్త్రీలకు" అని రాసిన సీట్లకి కూడా అర్థం లేదు. అలాంటి బస్సులో ఒక కాలేజీ పిల్ల నన్ను చూసి గబుక్కున లేచి "కూర్చోండి అమ్మమ్మా" అంది. నా వయసు 47. మలక్‌పేట దాటేదాకా ఆ "అమ్మమ్మా" చెవిలో గింగురుమంటూనే ఉంది గానీ సీటు మాత్రం వదల్లేదు, కోఠీ దాకా దర్జాగా కూర్చునే వెళ్లాను.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఆయన నవ్వలేదు. నేను అమ్మమ్మనైతే ఆయన తాతయ్య కావాలి మరి. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఆదివారం ఆదివారం మీసానికి రంగు వేసుకుంటారు. పోయినేడు బట్టల షాపులో కుర్రాడు చీర విప్పి చూపిస్తూ "మీ అక్కగారికి ఈ రంగు బాగుంటుంది సార్" అన్నాడు, ఆ రోజు నుంచీ ఆయనకి నా జుట్టు మీద ఎక్కడలేని శ్రద్ధ.

నేను రంగు మానేసి ఏడాదిన్నర అయింది. ఎందుకు మానేశావు, ఎప్పుడు మళ్లీ వేస్తావు అని కనిపించిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు, అందరికీ ఒకేసారి చెప్పేస్తే గొడవ వదిలిపోతుందని ఇది రాస్తున్నాను.

పాపిట్లో మొదటి తెల్ల వెంట్రుక కనిపించింది నాకు 29 ఏళ్లప్పుడు. మా నాన్న వైపు అందరిదీ బాలనెరుపే. వెంట్రుక కుదురులో రంగు తయారుచేసే కణాలుంటాయి, అవి అయిపోయాక వెంట్రుక తెల్లగానే పుడుతుంది, ఎప్పుడు అయిపోతాయన్నది చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా కూడా తొందరగా నెరవచ్చు కాబట్టి చిన్న వయసులో నెరిస్తే ఆ రెండు పరీక్షలూ చేయించుకోవడం మంచిదే. నాకు రెండూ బాగానే ఉన్నాయన్నారు, అంటే తప్పు నాన్నదే. గుంటగలగరాకు నూనె, ఉసిరికాయ, మందారాకు, కరివేపాకు అన్నీ రాశాను. జుట్టు మెత్తగా అయింది, దిండు గలీబులు పచ్చగా అయ్యాయి, తెల్లది మాత్రం తెల్లగానే ఉంది.

దశరథుడి చెవి పక్కన వెంట్రుక నెరిస్తే, రాముడికి రాజ్యం అప్పగించెయ్యమని ముసలితనమే వచ్చి ఆయన చెవిలో చెప్పినట్టుందని కాళిదాసు రాశాడు. నా చెవి పక్కన నెరిసినప్పుడు చెవిలో చెప్పింది మా వదిన. పార్లర్ ఫోన్ నంబరు.

ఒక రెండేళ్లు కాటుక పెన్సిల్‌తో నడిపాను. పాపిట్లో ఉన్న నాలుగైదింటికీ పొద్దున్నే కాటుక రాసుకుని స్కూలుకి వెళ్లేదాన్ని, ఎండాకాలం మధ్యాహ్నానికి చెమటతో అది నుదుటి మీదికి కారేది, పిల్లలు "మేడమ్, ఏదో అంటుకుంది" అనేవాళ్లు. ఆ తర్వాత ప్యాకెట్. ఈ ప్యాకెట్ వ్యవహారం తెలియని ఇల్లు మన దగ్గర ఉందంటే నేను నమ్మను. పాత నైటీ ఒకటి, చిరిగిన తువ్వాలు ఒకటి, రాలిపోయే టూత్‌బ్రష్ ఒకటి ఆ పనికే అంకితం. చెవుల చుట్టూ, నుదురు అంచున కొబ్బరినూనె రాసుకోవాలి, అయినా మర్నాడు నుదుటి మీద నల్లటి గీత ఉండనే ఉంటుంది. ఆ గంటా కాలింగ్ బెల్ మోగకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి, కచ్చితంగా అప్పుడే గ్యాస్ సిలిండరబ్బాయి వస్తాడు.

నేను లెక్కల టీచర్ని, అందుకని ఒకరోజు కూర్చుని లెక్కేశాను. మూడు వారాలకోసారి చొప్పున ఏడాదికి 17 సార్లు, 14 ఏళ్లకి 238 సార్లు. కలపడం, పూయడం, ఆరబెట్టడం, కడగడం, బాత్రూం టైల్స్ తోమడం అన్నీ కలిపి సారికి గంటన్నర. మొత్తం 357 గంటలు, అంటే దాదాపు 15 రోజులు పగలూ రాత్రీ నేను నెత్తి మీద రంగుతో కూర్చున్నాను. అంతా చేస్తే రెండో వారానికే పాపిట్లో తెల్లగీత మళ్లీ హాజరు.

మానేయడానికి కారణం ధైర్యం అనుకునేరు. అదేం కాదు, దద్దుర్లు. మా అన్నయ్య కొడుకు పెళ్లికి రెండు రోజుల ముందు ఎప్పటిలాగే వేసుకున్నాను, అదే ప్యాకెట్, అదే బ్రష్. రాత్రి చెవుల వెనక దురద మొదలైంది, తెల్లారేసరికి రెప్పలు వాచి కళ్లు తెరుచుకోలేదు. పెళ్లి ఆల్బంలో రాత్రి పదకొండు గంటల ముహూర్తానికి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అక్షింతలు వేస్తున్నావిడ నేనే. చర్మం డాక్టరు చూసిన వెంటనే చెప్పేశారు, పీపీడీ అని. పారా ఫినైలీన్ డయమీన్. నల్ల రంగుల్లో చాలావాటికి ఆ నలుపు వచ్చేది దీంతోనే. పద్నాలుగేళ్లు పడింది కదా డాక్టరుగారూ అంటే, ఎన్నో ఏళ్లు పడినవాళ్లకి కూడా ఒకరోజు పడకుండా పోవచ్చట, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే మాత్రం మామూలుగా అది జీవితాంతం ఉండిపోతుందట.

ఈ ముక్క మాత్రం రంగు వేసుకునే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోండి. "అమోనియా లేదు" అని పెద్దక్షరాలతో రాసి ఉంటే పీపీడీ లేదని కాదు, రెండూ వేరు వేరు సరుకులు. "బ్లాక్ హెన్నా" అని అమ్మే వాటిలో కూడా చాలావాటిలో ఇది ఉంటుంది, ఉత్త గోరింటాకు ఎక్కడైనా నల్లగా పండుతుందా చెప్పండి. ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న జాబితా ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. రంగు వేసుకునే 48 గంటల ముందు మోచేతి మడత దగ్గరో చెవి వెనకో కొంచెం రాసి చూడమని ఆ కాగితం మీదే ఉంటుంది. 238 సార్లలో ఒక్కసారి కూడా నేనా పని చేయలేదు. మీరు మాత్రం చేశారా?

తర్వాత గోరింటాకు దారి పట్టాను. ఇనప మూకుట్లో టీ డికాక్షన్ పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న తలకి పట్టించి రెండు గంటలు కూర్చుంటే తెల్ల వెంట్రుకలన్నీ నారింజపండు రంగుకి తిరిగాయి. దాని మీద నీలి ఆకు పొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి మళ్లీ పట్టించాలి, అప్పుడు నలుపు వస్తుంది. నిజంగానే వస్తుంది, అబద్ధం చెప్పను, బాగుంటుంది కూడా. కానీ ఆదివారం మొత్తం హుష్ కాకి, ఇల్లంతా పచ్చగడ్డి వాసన, నాలుగు గంటలు తడి తలతో ఉన్నందుకు సోమవారం నుంచి తుమ్ములు. మూడు నెలలకి విసుగొచ్చింది.

రంగు వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో మా బాబాయి పంపిస్తుంటాడు. ఆ విషయం చూసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ ఇంట్లో రంగు వేసుకునేవాళ్ల గురించి ఏదీ తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంది. ప్రమాదం ఉండవచ్చని వాళ్లు గట్టిగా చెప్పింది పొద్దస్తమానం ఆ మందుల మధ్యే బతికే బార్బర్లు, పార్లర్లో పనిచేసేవాళ్ల గురించి. మా వీధి పార్లర్లో అమ్మాయి గ్లోవ్స్ లేకుండా ఉత్త చేతులతో రోజుకి పది తలలకి పూస్తుంది. ఆ పిల్ల గురించి ఎవరూ ఏ మెసేజీ పంపరు.

సరే, మానేద్దామనుకున్నాను. ఎలా? జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుంది. నాది 28 అంగుళాల జడ. అంటే 56 నెలలు, నాలుగేళ్ల ఎనిమిది నెలలు పైన తెలుపు కింద నలుపుతో జీబ్రాలా తిరగాలి. విదేశాల్లో అయితే పొట్టిగా కత్తిరించుకోమంటారు, వెండి రంగు పాయలేవో కలుపుకోమంటారు. మనకెందుకండీ అవన్నీ, ఏడుకొండలవాడున్నాడు. తిరుమల వెళ్లి కల్యాణకట్టలో కూర్చుని గుండు చేయించుకున్నాను. దీన్ని మించిన ఉపాయం ప్రపంచంలో ఎక్కడా లేదు. నలభై ఆరేళ్ల ఆడది ఊరికే గుండు కొట్టించుకుంటే పిచ్చి పట్టిందంటారు, మొక్కు అంటే ఎదురొచ్చి మరీ ప్రసాదం పెట్టమంటారు. అన్నట్టు ఆ తలనీలాలని టీటీడీ వేలం వేసేటప్పుడు పొడవుని బట్టి రకాలుగా విడదీస్తారు, తెల్ల వెంట్రుకలది వేరే రకం. కుదుళ్లు తెల్లగా చివర్లు నల్లగా ఉన్న నా జడ ఏ కుప్పలో పడిందో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

గుండుతో ఉన్నన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. అది తెల్లగా మొలవడం మొదలయ్యాక చూడాలి తమాషా. స్కూల్లో అడ్మిషన్ల టైమ్‌లో పిలిచి "పేరెంట్స్ వస్తుంటారు మేడమ్, కొంచెం చూసుకోండి" అన్నారు. ఏం చూసుకోవాలో చెప్పలేదు. పాఠం సరిగ్గా చెప్పకపోతే అనండి, పడతాను. మా ఫిజిక్స్ సార్ తల నాకంటే పదింతలు ముగ్గుబుట్ట, ఆయన ఫొటో గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ఉంది, "అనుభవజ్ఞులైన అధ్యాపకులు" అని. మన భాషలోనే ఉంది కదా ఆ మర్యాద, తల పండినవాడు అంటాం, అదేదో మామిడిపండు అయినట్టు. మగవాడి తల పండుతుంది, మనది ఎండిపోతుంది కాబోలు. సినిమావాళ్లనే చూడండి, అజిత్ తెల్ల జుట్టుతో నడిచొస్తే సాల్ట్ అండ్ పెప్పర్ అని ఈలలు వేశారు. 2021లో సమీరా రెడ్డి తెల్ల జుట్టు దాచకుండా ఫొటో పెడితే, ఎందుకు కవర్ చేయట్లేదని ముందు దిగులుపడింది వాళ్ల నాన్నేనట, ఆమే రాసింది.

టొరంటోలో ఉండే మా పిన్ని కూతురు ఇదంతా విని "అక్కా, ఇక్కడ మాత్రం తక్కువా" అంది. కెనడాలో సీటీవీ అనే చానెల్లో ఏళ్ల తరబడి వార్తలు చదివిన లీసా లఫ్లామ్ కరోనా రోజుల్లో రంగు మానేసింది, 2022లో ఆమె కాంట్రాక్టు ముగించేశారు. జుట్టు కారణం కాదని సంస్థ అంది, జనం నమ్మలేదు, పెద్ద గొడవైంది. ఆ ఊపులో అక్కడి వెండీస్ అనే బర్గర్ల కంపెనీ తన బొమ్మలోని ఎర్రజడల పిల్లకి జుట్టు బూడిదరంగు చేసి పెట్టిందట. బర్గర్లమ్ముకునేవాళ్లకి అంతకంటే మంచి సమయం దొరుకుతుందా.

ఇంతవరకూ చదివి, ఈవిడ అందరినీ రంగు మానేయమంటోంది అనుకుంటున్నారేమో, అక్కడే నాకు మా అమ్మ అడ్డొస్తుంది.

అమ్మకి 72. తెనాలిలో ఉంటుంది. ఇప్పటికీ మూడు వారాలకోసారి తప్పకుండా రంగు వేసుకుంటుంది, ఆవిడకి ఏ దురదా లేదు. ఆరేళ్ల క్రితం నాన్న పోయినప్పుడు రెండు నెలలు వేసుకోలేదు, మూడో నెల ప్యాకెట్ తెప్పించుకుంది. "ఆయనే పోయాక ఇంకా ఎవరి కోసమమ్మా రంగులు" అని వీధిలో ఒకావిడ, అమ్మకి వినపడేలాగానే అంది. బంధువుల్లో కూడా గుసగుసలు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. నల్లటి జుట్టు దువ్వుకుని, ముడి వేసుకుని, ఒక పువ్వు కూడా పెట్టుకుని కూరగాయల మార్కెట్‌కి వెళ్లింది. నేనేదో తెల్ల జుట్టుతో బస్సెక్కి విప్లవం అనుకుంటున్నాను గానీ, ఆ రోజు తెనాలి మార్కెట్లో అమ్మ నడిచిన నడక ముందు నాదేపాటి. అదే ప్యాకెట్. నేను వేసుకోకపోతే తప్పు, ఆవిడ వేసుకుంటే తప్పు. అందుకని ఎవరైనా నా దగ్గరికి వచ్చి "వేసుకోవాలా వద్దా" అంటే ఇప్పుడు నేను ఒకటే అడుగుతున్నాను, దురద ఉందా లేదా అని. మిగతాది వాళ్లిష్టం.

ఇంతా చేసి నా తల తెల్లబడినందుకు అందరికంటే ఎక్కువ కోపం అమ్మకే. ఇందిరాగాంధీకి మాత్రం ముందు తెల్లపాయ లేదా అన్నాను ఫోన్‌లో. "ఆవిడ ప్రధానమంత్రి. నువ్వు లెక్కల టీచరువి" అంది. కాసేపాగి అసలు బాధ బయటపెట్టింది. "నీ తల ముగ్గుబుట్టయితే నా వయసెంతో ఊరంతా లెక్కగట్టరటే? నీకు 47 అని తెలిస్తే నాకు 50 అని ఎలా చెప్పుకోను?" నిజమే, ఆ లెక్క నాకూ తట్టలేదు.

వచ్చే నెల మా అక్క కొడుకు పెళ్లి. ఈ ఒక్కసారికి ఏదో ఒకటి వేసుకోమని అక్క, విగ్గు పెట్టుకోమని వదిన, టోపీ పెట్టుకోమని మా అమ్మాయి. అమ్మ పది రోజుల ముందే మా ఇంటికొచ్చేసింది, సంచిలో అరిసెలు, గోంగూర పచ్చడి, రెండు రంగు ప్యాకెట్లు. రెండోది నాకేమో అనుకుని గొడవకి సిద్ధమయ్యాను, కాదట, పెళ్లికి ముందు రోజు ఇంకోసారి వేసుకోవడానికట.

నిన్న ఆదివారం అమ్మని పీట మీద కూర్చోబెట్టి, చేతులకి మందపాటి గ్లోవ్స్ రెండు జతలు వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, నేనే పూశాను. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్. పక్క ఫ్లాట్లోకి కొత్తగా వచ్చినావిడ, పాల ప్యాకెట్ కోసం. ఒకసారి నన్ను చూసింది, ఒకసారి అమ్మని చూసింది, ఏదో అడగబోయి మానేసి పాలు తీసుకుని వెళ్లిపోయింది. అమ్మ తల తిప్పకుండానే, "వెనకాల బాగా పట్టించవే, ఫొటోలవాళ్లు అటునుంచే తీస్తారు" అంది.